మైకులో పోలారావు పేరు

టెక్కలి ఇవాంజెలిన్‌కి తన గొంతు మీద నమ్మకం ఎక్కువ. ఉండదా మరి, పదేళ్లుగా ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేది ఆమే. 2007లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. పలాసలో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఊళ్లకు విషయం చెప్పే మనిషి కావాలన్నారు. ఇంటర్వ్యూలో ఇవాంజెలిన్ వాళ్ల కరపత్రం చదివి, "ఇది మీకు తప్ప ఎవరికీ అర్థం కాదండి" అంది. ప్రొఫెసర్ సూర్యంగారు నవ్వి ఉద్యోగం ఇచ్చేశారు.

"రాసే ఉద్యోగమా, సెప్పే ఉద్యోగమా?" అని అడిగింది తల్లి ఎలీసబెతు.

"రెండూనే అమ్మా. ఆళ్లు కనిపెట్టింది ఊరికి సెప్పాలి, ఊరు అన్నది ఆళ్లకి సెప్పాలి."

ఆ రెండో పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. తనే కలుపుకుంది.

పూండి దగ్గరి ఒక ఊళ్లో జనం మొదట గుమ్మంలోకే రానివ్వలేదు. అంతకుముందు ఎవరెవరో రక్తం తీసుకెళ్లి మళ్లీ మొహం చూపించలేదట. ఇవాంజెలిన్ ఇంటింటికీ తిరిగి, ఫలితం మీ చేతికి వస్తుంది, పూచీ నాది అని ఒప్పించింది. రెండు వందల మంది రక్తం ఇచ్చారు. వాళ్లలో పద్దెనిమిది మందికి రెండోసారి పరీక్ష చేస్తేగాని ఏదీ తేలదన్నారు డాక్టర్లు.

ఆమె ఆటోకి మైకు కట్టించి, రెండో పరీక్షకు రమ్మని ఆ పద్దెనిమిది పేర్లూ ఇంటిపేర్లతో సహా వీధివీధినా చదివింది. తప్పని కలలో కూడా అనుకోలేదు. వాళ్ల చర్చిలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు ప్రార్థన కోసం చదువుతారు. ఒక పేరు మరిచిపోతే ఆ ఇంటివాళ్లు నెల్లాళ్లు మాట్లాడరు. పేరు చదవడమంటే ఆమె లెక్కలో ఆదరించడమే.

పరీక్ష రోజు ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నానికి బొడ్డమ్మ వచ్చింది, రక్తం ఇవ్వడానికి మాత్రం కాదు. కొబ్బరికాయలు దింపే పోలారావు భార్య ఆమె.

"మా ఆయన పేరు సదివీసినావు. కిడ్నీలు పోయినోడు కళ్లు తిరిగి సెట్టు మీంచి పడితే మా మీదికొత్తాదని రైతులు పిలడం మానీసినారు. మేమేటి తినాల సెప్పు?"

ఇవాంజెలిన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సూర్యంగారికి ఫోన్ చేస్తే, ఇంకో కరపత్రం వేద్దామన్నారు. ఆయనకు లోకంలో అన్నిటికీ మందు కరపత్రమే.

"నోటితో చేసింది నోటితోనే దిద్దుకోవాలండి" అని చెప్పి, ఆమె నేరుగా పోలారావు ఇంటికి వెళ్లింది.

పోలారావు కత్తి నూరుకుంటూ తల ఎత్తలేదు. "అదే మైకులో సెప్పు, పోలారావుకి ఏ జబ్బూ లేదని. అప్పుడొత్తాను, ఆళ్లందర్నీ తెత్తాను."

ఒక్క ముక్క చాలు, ఊరు దక్కుతుంది. కానీ అబద్ధమైతే?

"అది నాకు తెలీదన్నా. రెండోసారి సూడందే డాక్టరుగారికీ తెలీదు. తెలీంది సెప్పను. నా తప్పు సెప్తాను."

"అయితే ఎల్లు."

మర్నాడు మళ్లీ ఆటో ఎక్కింది. "పేర్లు చదవడం నా తప్పు. ఆ పేర్లవాళ్లకి జబ్బుందని ఎవరూ తేల్చలేదు. ఇకమీదట ఎవరి కాగితం వాళ్ల చేతికే ఇస్తాను, ఇంకొకరికి చెప్పను" అని ప్రతి వీధిలో చెప్పింది. ప్రాజెక్టు మనిషి తన తప్పు తానే మైకులో చెప్పుకోవడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. ఆ వారం పదకొండు మంది వచ్చారు. అందరికంటే ఆఖర్న పోలారావు వచ్చి, రక్తం తీసుకోమని చెయ్యి చాపాడు.

ఫలితం వచ్చేనాటికి తిరుమలరావు అనే రైతు ఒక్కడు అతన్ని తోటకు పిలిచాడు. మొదట్లో రక్తం ఇవ్వనని మొండికేసిన పెద్దమనుషుల్లో ఆయనొకడు. ఇవాంజెలిన్ అక్కడికే వెళ్లి, పోలారావు దిగేదాకా ఆగి, తోట చివరికి తీసుకెళ్లి కాగితం మెల్లగా చదివింది. కిడ్నీ కొంచెం దెబ్బతింది. నొప్పి మాత్రలు మానెయ్యాలి. మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి.

పోలారావు ఇంకా దింపని చెట్ల వైపు చూశాడు. "సెట్టెక్కొచ్చా?" అన్నాడు.

"ప్రస్తుతానికి ఎక్కొచ్చు. కళ్లు తిరిగితే మాత్రం ఎక్కకూడదు. సూడు, డాక్టరుగారి సంతకం." ప్రాజెక్టు ఫారంలో అలాంటి గడి లేదు. ఆమె పట్టుబట్టి అడుగున రాయించింది.

పోలారావు కాగితం పట్టుకుని తిరుమలరావు దగ్గరికి తనే నడిచాడు. "నాకు జబ్బు మొదలైందంట బావా. ఎక్కొచ్చని రాసిచ్చినారు. ఇంకా ముప్పై సెట్లున్నాయి. ఎక్కమంటావా, మానమంటావా?"

తిరుమలరావు కాగితం రెండుసార్లు చదివాడు. "ఎక్కు" అన్నాడు. పోలారావు చెట్టెక్కేదాకా చూసి, తిరుమలరావు ఇవాంజెలిన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నాకెప్పుడు తీత్తావు రగతం?"