మూడో బండ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే ఆ ధైర్యం మీదే బెంగగా ఉంటుంది. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతూ, సాయంత్రాలు మా ఊరి క్రైస్తవ సంఘం చరిత్ర రాయడానికి పూనుకున్నాను (రాయమని ఎవరూ అడగలేదు). చుట్టూ పొలాలు ఫామ్‌హౌసులైపోతున్నాయి, మనవాళ్ల గుర్తులు చెరిగిపోకముందే పట్టుకోవాలని నా తాపత్రయం. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అని మా బాపు అన్నా వినలేదు.

సమాధుల తోటతో మొదలుపెట్టాను. మా దగ్గర ఈస్టర్ ముందు రోజు సమాధులన్నిటికీ సున్నం వేస్తారు, తెల్లవారుజామున పూలు పెట్టి పాటలు పాడుతారు. ఏటేటా పూత మీద పూత పడి, పాత షాబాద్ బండల మీది పేర్లు ఎప్పుడో మునిగిపోయాయి. నేను చాకుతో సున్నం గీకి, కనిపించిన పేరును నోటుబుక్కులో ఎక్కించుకుని, అక్షరాలకు నల్లరంగు దిద్దేవాణ్ణి. కొన్ని బండల మీద ఎంత గీకినా ఏమీ మిగల్లేదు. అలాంటి వాటికి ముసలివాళ్లే దిక్కు. ఊళ్లో బంతిపూలు పండించే పూలవ్వను, మీ అవ్వ సమాధి ఏడున్నదని అడిగాను.

"గేటుకాడికెల్లి మూడో జాగల పెట్టిన్రు బిడ్డా. గప్పుడు నేను గింతంత పిల్లను" అన్నది.

చరిత్రకారుడికి అంతకన్నా ఆధారం ఏం కావాలి? గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. మూడో బండ నున్నగా ఉన్నది, ఒక్క అక్షరం లేదు. నాలుక బయటపెట్టి, గుండ్రని అక్షరాలతో వాళ్లమ్మ పేరు 'సంతోషమ్మ' అని రాసి, పూలవ్వను పిలుచుకొచ్చి చూపించాను. ఆమెకు చదువు రాదు. రంగు ఆరేదాకా ఆగి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది.

"గింత పొడుగుంటదా మా అవ్వ పేరు" అన్నది.

అప్పటినుంచి ప్రతి ఈస్టరుకూ ఆ బండకు పడ్డంత పెద్ద బంతిపూల దండ తోటలో ఇంకెవరికీ పడేది కాదు. నేను గర్వంగా ఆ పక్కనే తచ్చాడేవాణ్ణి.

మూడేళ్లు గడిచాక ఒకరోజు చాయ్ తాగుతుంటే సంఘపెద్ద మాటల్లో అన్నాడు. "గేటు మునుపు గీడ ఏడుండె? పక్క పొలం ఫామ్‌హౌసైనంక బాట మూసిన్రని గిటు దిక్కు మార్చినం." గ్లాసు కింద పెట్టి మనసులోనే మళ్లీ లెక్కపెట్టుకున్నాను. నేను లెక్కపెట్టింది తోట ఈ చివరి నుంచి, పూలవ్వ చెప్పింది ఆ చివరి నుంచి. నెల రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఆఖరికి ఉండబట్టలేక ఆమె పూలతోటకే పోయాను.

"అవ్వా, తప్పైంది. గా బండ కింద ఉన్నది మీ అవ్వ కాదు."

పూలు తెంపే చేయి ఆగలేదు. "నాకెరుకే బిడ్డా."

"ఎరుకుంటే గప్పుడే ఎందుకు చెప్పలె?"

"మా అవ్వకు బండేడిది? షాబాద్‌ల బండలు మోసి మోసి నడుము ఒంగింది గని, ఆమె మీదికి ఒక్క బండ రాలె. మట్టికుప్ప పెట్టిన్రు, రెండు వానలకు కలిసిపోయింది. ఆమె పేరు ఏడా రాసి లేకుండె. నువ్వు రాస్తివి. తుడువుమన నాకు మనసు రాలె."

అయినా చరిత్ర సార్ బుద్ధి ఊరుకోదు కదా. "మరి ఆ బండ కింద ఇంకెవరో ఉన్నరు గద అవ్వా?" అన్నాను.

"ఎవలైతేంది. ఆళ్లకు పూలు పెట్టెటోళ్లే లేకుండె. ఇప్పుడు ఏటేటా నా దండ ముడుతున్నది. జర ఫికర్ చెయ్యకు, ఆళ్లేం ఫిర్యాద్ చెయ్యరు" అని ఒడిలో పూలు సర్దుకుంది.

ఇప్పుడు పూలవ్వ లేదు. ఆమె తోటలో ప్లాట్ల రాళ్లు పాతారు. ఆమె సమాధికి మాత్రం దగ్గరుండి బండ వేయించి, పేరు లోతుగా చెక్కించాను. ఆమె చెప్పని, నేను అడగలేకపోయిన ఎన్నో సంగతులు ఆమెతోనే పోయాయి. సమాధుల తోట పక్కన నడిచినప్పుడల్లా ఆమె ఇంకో పది నిమిషాలు మాట్లాడితే చాలుననిపిస్తుంది. నా నోటుబుక్కులో మూడో బండ ఎదురుగా 'ఎవరిదో తెలియదు. దాని మీద ఉన్న పేరు నేను రాసిన తప్పు. దయచేసి చెరపవద్దు' అని ఉంటుంది.

ఏటా ఈస్టర్ ముందు రోజు సున్నం ఆ పేరును ముంచేస్తుంది. అది ఆరేదాకా ఆగి, కళ్లద్దాలు సరిచేసుకుని, ఆనాటి అన్నీ తెలిసిన కుర్రాడిలాగే నాలుక బయటపెట్టి, అదే తప్పును మళ్లీ గుండ్రంగా రాస్తాను.