నోటితో పలకని పేరు

పోలీసు చర్య నాటికి నేను ఉర్దూలో చదువుకుంటున్నాను. ఆ తర్వాత మా బడిలో ఒక్కో పాఠం తెలుగులోకి మారుతూ వచ్చింది. మిడిల్ పరీక్ష గట్టెక్కేసరికి నాకు రెండు భాషలూ సగం సగమే వచ్చు. అయినా పంతులమ్మలు దొరకని కాలం కాబట్టి తిరుమలగిరి దగ్గర ప్రైమరీ బడిలో ఉద్యోగమిచ్చారు. అప్పటికి నాకు పదిహేడేళ్లు.

పొద్దంతా పిల్లలకు చెప్పాక, సాయంత్రం అదే గదిలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాలి. పాతవాళ్లు దాన్ని తాలీమె బాలిగాన్ అనేవారు, కొత్త కాగితాల్లో వయోజన విద్య అని రాసేవారు. ఎవరూ ఒప్పుకోని పనిని అందరికన్నా చిన్నదాన్నని నాకు అంటగట్టారు.

వచ్చేవాళ్లు పది మంది. వాళ్లలో కంటోన్మెంటు బంగళాల బట్టలు ఉతికే ఆమె ఒకరు. నలభై ఏళ్లు దాటి ఉంటాయి. నీళ్లలో నాని ఉబ్బిన వేళ్లతో బలపం పట్టుకోలేక అవస్థపడేది. ఒక్కరోజు కూడా మానలేదు.

ఏడాది చివర పరీక్ష పెట్టడానికి ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఒక్కొక్కరినీ పిలిచి పేరు, భర్త పేరు అడిగి రిజిస్టరులో రాసుకుంటున్నారు. ఈమె తన పేరు చెప్పి ఆగిపోయింది.

"భర్త పేరు చెప్పమ్మా."

"చెప్పరాదు సార్."

"అదీ తెలియదా? మరి ఏడాది నుంచి ఏం నేర్చుకున్నావు?"

నా మొహం మాడిపోయింది. పక్కనున్న వాళ్లను అడగండని నేను చెప్పబోతుంటే, ఆమె నన్ను చేత్తో ఆపింది.

"తెల్వక కాదు సార్. ఆయన పేరు నోటితోని అనొద్దు మాకు. రాయమంటే రాస్త."

నల్లబల్ల దగ్గరికి వెళ్లి నాలుగక్షరాలు రాసింది. రెండో అక్షరానికి ఒత్తు పక్కకు జరిగింది కానీ పేరు స్పష్టంగా ఉంది. నేనెప్పుడూ నేర్పని పేరది. ఎలా వచ్చిందని తర్వాత అడిగితే, "నీ పాఠాలల్లకెల్లి ఏరుకున్న పంతులమ్మా. ఒకటి గీడ దొరికింది, ఒకటి గాడ దొరికింది. గిదానికోసమే గద వచ్చింది నేను!" అంది.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు బల్ల మీది పేరు చదువుకున్నారు. తర్వాత కలం తీసి, ఆ పేరును రిజిస్టరులోకి ఎక్కించుకున్నారు. ఆమె కదల్లేదు.

"గీ తర్వాత ఏ క్లాసు సార్?"

ఆయన పెద్దవాళ్లకు ఆ పైన తరగతి లేదన్నారు. కావాలంటే నాలుగో తరగతి పరీక్ష పిల్లలతో కలిసి ప్రైవేటుగా రాయొచ్చని చెప్పారు.

రాసింది. జడగంటల పిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమెను చూశాక నాకూ సిగ్గేసి మెట్రిక్‌కు ఫీజు కట్టాను. ఇద్దరం లెక్కల్లోనే తప్పాం. నా సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది.

"నీకు సుత లెక్కలు రావా? మరి నాకెట్ల జెప్పినవ్?"

ఆ వేసవంతా బడి అరుగు మీద ఇద్దరం భాగహారాలు చేశాం. మరుసటి ఏడు ఆమె పాసయింది. నాకు ఇంకో ఏడాది పట్టింది.