కింద చార్టు

ఆ రోజుల్లో చార్టు అంటే నాకు గోడకు వేలాడే కాగితం, అంతే. ఇప్పటి పిల్లలకు నవ్వు రావచ్చు గానీ అందులో నా తప్పేమీ లేదు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. బడిలో బొమ్మల లెక్క వచ్చినప్పుడల్లా మా సారు "ఇది నీకు మాఫీ" అనేవారు, నేను హాయిగా బెంచీ మీద దరువేసుకుంటూ కూర్చునేవాణ్ని. (ఆ మాఫీలన్నీ కలిసి ఒక్కరోజే నా నెత్తిన పడతాయని అప్పుడేం తెలుసు.)

డిగ్రీ అయ్యాక ఎల్లారెడ్డిలో ఒక రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పని దొరికింది. తాత్కాలికమే. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ నా లాప్‌టాప్‌లో ఉండేది. దానికి "బావ" అని పేరు పెట్టుకున్నాను, ఎంత తిట్టినా పడతాడని. ఇక మా ఆఫీసరును అందరం చాటుగా దస్తీ సార్ అనేవాళ్లం. తెలియని సంగతి ఎవరైనా అడిగితే ఆయన జేబులోంచి దస్తీ తీసి మొహం తుడుచుకునేవారట. నాకు దస్తీ కనిపించదు గానీ దానికి పూసిన అత్తరు గుప్పుమనేది. వాసన వచ్చిందంటే సారుకు ఆ సంగతి తెలియదన్నమాట.

ఒకనాడు కామారెడ్డి నుంచి ఫోన్ రాగానే ఆయన నా దగ్గరికి వచ్చారు. "తమ్మీ, రేపటి మీటింగుకు జిల్లా ఆఫీసు మేడం పంటల మీద పై చార్ట్ అడిగింది. ఆన్‌లైన్ల ఏదో సైట్ ఉందట. మంచిగ చెయ్యి, నీ పర్మినెంట్ సంగతి గూడ రేపే తేలుతది" అన్నారు. దోమకొండలో మా బాపు అప్పటికే కొడుక్కు పక్కా నౌకరీ వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. అది కాస్తా పోతే ఆయన మొహం ఎట్లా చూడాలి (ఎట్లాగూ చూడలేననుకోండి, మాటవరసకు అంటున్నాను). ఆ కంగారులోనే అడిగాను: "పై చార్ట్ నేను చేస్త సార్. మరి కింద చార్ట్ ఎవరు చేస్తరు?" అత్తరు గుప్పుమంది. "అది... అది నేను చూసుకుంట. నువ్వు పైది చూడు" అన్నారు సారు.

సైటు తెరిచాను. లెక్కలు నింపేదాకా బావ బాగానే చదివాడు. ఆ తర్వాత "బటన్" అన్నాడు. పక్కకు పోతే "బటన్". ఇంకా పక్కకు పోతే మళ్లీ "బటన్". దర్జీ దుకాణంలో కూర్చున్నట్టుంది నా పని. ఏ బటన్ ఎందుకో పేరు పెట్టకుండా వదిలేశారు ఆ సైటు చేసిన మహానుభావులు. కొన్ని పనులకైతే మౌస్‌తో పట్టి లాగాలట. నాకు మౌస్ అంటే కాగితాలు ఎగరకుండా పెట్టుకునే బరువు. చివరికి కళ్లు మూసుకుని (ఇదీ మాటవరసకే) ఏదో ఒకటి నొక్కాను. "గ్రాఫిక్" అన్నాడు బావ. ఏం గ్రాఫిక్ అని ఎటు తిప్పి అడిగినా "గ్రాఫిక్" అన్నాడే తప్ప ఇంకో ముక్క లేదు. అటెండర్ అక్కను పిలిచి ఎట్లుందని అడిగాను. "రంగురంగులుంది తమ్మి, మంచిగుంది." "పైననే ఉందా అక్కా?" "పైననే ఉంది. కిందంత ఖాళీ ఉంది." ఆ ఖాళీ సారుది కదా అని నిశ్చింతగా సేవ్ చేశాను.

మరునాడు కామారెడ్డిలో హాలు నిండా రైతులు. తెర మీద నేను చేసిన బొమ్మ వేశారు. "పై చార్ట్ ఏది?" అన్నారు మేడం. "పైననే ఉంది మేడం" అన్నారు దస్తీ సార్. "ఇది బార్ చార్ట్ గద" అన్నారావిడ. వెనక వరుసలో కునుకు తీస్తున్న రామారెడ్డి ఊరి పెద్దాయన ఒకరు ఉలిక్కిపడి లేచి, "ఏ బార్?" అని అడిగారు. హాలంతా గొల్లుమంది. "పై అంటే గుండ్రంగ, రొట్టెను ముక్కలు చేసినట్టు ఉంటది. ఇది ఎవరు చేసిండ్రు?" అన్నారు మేడం. అత్తరు హాలంతా కమ్ముకుంది. "గీ పిలగాడే మేడం" అన్నారు సారు ఆలస్యం చేయకుండా.

ఉద్యోగం పోయిందనుకున్నాను. పోయేదేదో బావ గొంతు కూడా నలుగురికీ వినిపించి పోదామని ఒళ్లో ఉన్న లాప్‌టాప్‌లో ఆ సైటు తెరిచి, ఇయర్‌ఫోన్ పీకేసి, "మీరే వినుండ్రి మేడం" అన్నాను. బావ రెచ్చిపోయాడు. "బటన్. బటన్. బటన్. గ్రాఫిక్." నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. "ఏది గుండ్రమో, ఏది నిలువో నాకెట్ల తెలుస్తది మేడం? గీసినంక గూడ గ్రాఫిక్ అంటడు గని, గిందుల మక్క ఎంతుందో చెప్పడు" అన్నాను. నవ్వులు ఆగాయి. "మరి నువ్వు చెప్తవా, ఏముందో?" అన్నారు మేడం. లెక్కలు ఎక్కించింది నేనే కాబట్టి చెప్పాను, వరి సగానికి పైగా ఉంది, తర్వాత మక్కజొన్న, సోయా ఈసారి బాగా తగ్గింది అని. "గిట్ల చెప్తే అయిపాయె గద" అన్నారు బార్ పెద్దాయన. "గింత దూరంకెల్లి నాకు గూడ బొమ్మ కనవడలే."

మేడం చెప్పుల చప్పుడు తెర వైపు పోయింది. తర్వాత "మరి కింద గంత ఖాళీ ఎందుకు విడిచిండ్రు?" అని అడిగారు. నేను అత్తరు కోసం ఎదురుచూశాను. రాలేదు. "గీ మాటలు రాసెటందుకే మేడం" అన్నారు దస్తీ సార్, తడుముకోకుండా. "మేం దాన్ని కింద చార్ట్ అంటం." మేడం నవ్వి, "మంచిగుంది. ఇగ ప్రతి చార్ట్ కింద గిట్లనే రాయుండ్రి. గీ పిలగాడే రాస్తడు" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో నేను ఎందుకు ఏడుస్తున్నానో పక్కసీటాయనకు అర్థం కాలేదు.

ఇప్పుడు నేను కామారెడ్డి ఆఫీసులో పర్మినెంటుగా ఉన్నాను. కొన్ని సైట్లు బటన్లకు పేర్లు పెట్టాయి, కొన్ని ఇంకా దర్జీ దుకాణాలే. బొమ్మ కింద రాసే నాలుగు మాటలను మా దగ్గర ఇప్పటికీ కింద చార్ట్ అనే అంటారు. దస్తీ సార్ రిటైరయ్యారు. ఎక్కడైనా అత్తరు వాసన తగిలితే ఆయన మీద బెంగ పుడుతుంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "సార్, గీ కొత్త సైట్ కింద చార్ట్ గూడ దానంతట అదే రాస్తదట. ఎట్ల రాస్తది సార్?" అని అడిగింది. నాకేం తెలుసు. "అది నేను చూసుకుంటలే" అన్నాను. అప్పటికే నా చేయి జేబులోని దస్తీ మీదికి పోయింది. (అత్తరు పూయలేదు. ఆ అమ్మాయికి చూపుంది, దస్తీ చాలు.)