ఏది ఒగ్గీమంటావు?

నాకు పని నేర్పిన డిప్యూటీ ఇంజినీరు గారు పోయారని ఆఫీసుకు వెళ్తుంటే బస్సులో తెలిసింది. ఛాతీలో నొప్పి వచ్చిందట, శ్రీకాకుళం చేరకముందే ప్రాణం పోయిందట. రిటైరయ్యాక ఆయన గెడ్డ అవతల, అంటే వాగుకు ఆవల, సొంత ఊళ్లోనే ఉంటున్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అన్నిటికీ తలూపేదాన్ని. గడువు తగ్గించాలంటే సరే, పని పెంచాలంటే సరే, డబ్బు మాత్రం పెరగదంటే దానికీ సరే. సార్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మూడూ ఒకేపాలి రావమ్మా. ఏది ఒగ్గీమంటావో ముందు సెప్పు" అనేవారు. ఒగ్గేయడమంటే మా వైపు వదిలేయడం. పై అధికారులనైనా, ఊరివాళ్లనైనా అదే అడిగేవారు. అరసవల్లి దారిలో మేం టీ తాగే కొట్టాయనకూ ఆ మాట పట్టుబడింది. టీ చిక్కగా ఉండాలి, వెంటనే రావాలి అని సార్ అనగానే, ఏది ఒగ్గీమంటారు బాబూ అని ఎదురడిగేవాడు. సార్ నవ్వుకుంటూ పలచటి టీయే తాగేవారు.

ఆ గెడ్డ మీద వంతెన మంజూరైనప్పుడు నేను ఆయన కిందే ఉన్నాను. వానలు దగ్గరపడ్డాయి. బడిపిల్లలు తాడు పట్టుకుని నీళ్లలో దాటే చోటది. పెద్ద బళ్లు పట్టేంత వెడల్పుగా కట్టడానికి నిధులు చాలవు. ఇంకా తెప్పించాలంటే ఆ వానాకాలం కాస్తా గడిచిపోతుంది. సార్ ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగారు. తలో మాటా అన్నారు. చివరికి ఒక పెద్దావిడ, "పిల్లలు తడవకండా దాటితే సాలు బాబూ. బళ్ల సంగతి తరవాత సూసుకుందుం" అంది. వెడల్పు వదిలేశాం. మనుషులు, మోటారు సైకిళ్లు పట్టే వంతెన వానలకు ముందే పూర్తయింది. మొదటిరోజు పిల్లలు దానిమీద ఊరికే అటూ ఇటూ పరుగెడుతుంటే సార్ ఎండలో నిలబడి వాళ్లనే చూశారు.

ఆ పెద్దావిడ అన్న 'తరవాత' మాత్రం రాలేదు. వెడల్పు చేసే పని ఏమైందమ్మా అని రిటైరయ్యాక కూడా ఫోన్ చేసి అడిగేవారు. ఫైలు పైన ఉంది సార్ అనేదాన్ని. నిజంగానే పైన ఉంది. నేను చేయగలిగింది ఏమీ లేదు.

పరామర్శకు వెళ్తే సార్ భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంబులెన్సు వంతెన దాటలేక అవతలే ఆగిపోయిందట. సార్‌ని మంచం మీద పడుకోబెట్టి నలుగురూ మోసుకెళ్లారట. ఆ ఇరుకులో మంచం తిప్పలేక నానా అవస్థా పడ్డారట.

"ఏది ఒగ్గీసుంటే ఈయన బతికీవోరమ్మా?" అని అడిగారు ఆవిడ.

ఈరోజు మళ్లీ అడిగినా నేను వెడల్పే వదులుతాను. సార్ కూడా అదే వదిలేవారు. అంత కచ్చితంగా తెలిసి కూడా ఏడుపు ఆగడం లేదు.

తిరిగి వస్తుంటే బడి వదిలినట్టున్నారు, పిల్లలు వంతెన మీద ఎదురొచ్చారు. రెయిలింగుకు ఒదిగి దారిచ్చాను. అవతలి ఒడ్డున తడిమట్టిలో పెద్ద బండి చక్రాల జాడలు వంతెన మొదటిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయి ఉన్నాయి.