పొట్ట ప్లానుకు టైలరమ్మ కొలత

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన మిషను, గోడ వారగా బట్టలు కత్తిరించే బల్ల, ఎప్పుడూ ఆమె మెడలో టేపు. ముప్పై ఏళ్లుగా మనుషుల నడుములు చూసీ చూసీ, గుమ్మం ఎక్కేవాళ్ల కొలతను కంటితోనే అర అంగుళం తేడాలో చెప్పేసేది. అలాంటి మనిషికి ఇంట్లో మనిషి పొట్టే పరీక్ష పెట్టింది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. స్టీరింగుకీ ఆయన పొట్టకీ మధ్య టిక్కెట్టు ముక్క కూడా దూరదని కండక్టరు ఎగతాళి చేసేవాడు. ఒకరోజు ఆ కండక్టరే ‘ఇరవై ఎనిమిది రోజుల్లో పొట్ట మాయం’ అనే ప్లానును ఆయన ఫోనుకు పంపించాడు. పొద్దున్నే నిమ్మరసం నీళ్లు, వందసార్లు వెల్లకిలా పడుకుని లేవడాలు, సాయంత్రం ఏడు దాటితే నోటికి తాళం, ముప్పావుగంట నడక, ఇవి చాలవన్నట్టు నడుముకు బిగించే రబ్బరు పటకా. డిపోలో సగం మంది అదే పట్టుకుని వేలాడుతున్నారు.

“మా కండక్టరుకి నాలుగంగుళాలు తగ్గిందటే!” అన్నాడు భర్త, చెప్పులు విప్పుతూనే.

“ఎక్కడ కొలిచాడట?”

“పొట్ట దగ్గరే కొలుస్తారు. మోకాలి దగ్గర కొలుస్తారా?”

“అది కాదండీ. బొడ్డు మీదా, బొడ్డుకు పైనా, ప్యాంటు నిలిచే చోటా? మూడుచోట్ల మూడు కొలతలొస్తాయి. పైగా తిన్నాకా, తినకముందా?”

 ఆయన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మొదటి రోజు కొలత భోజనం కాగానే తీసుకోవాలట. చివరి రోజు కొలత మాత్రం పరగడుపున. ఇదేం పద్ధతి అనిపించింది ఆమెకు. అనిపించాక ఊరుకోలేకపోయింది. భోజనం అయీ అవగానే భర్తను నిలబెట్టి, బొడ్డు మీదుగా టేపు చుట్టింది. నలభై మూడు. మర్నాడు ఆయన మొహం కడుక్కుని రాగానే మళ్లీ చుట్టింది. నలభై ఒకటిన్నర.

“చూశారా, నిద్రలోనే అంగుళన్నర పోయింది. ఇంకో నాలుగు గంటలు పడుకోండి, ప్లానుతో పనే లేదు.”

“అంటే మొత్తం మోసమేనంటావా?”

“ఏమో, చెయ్యనిదే ఎలా తెలుస్తుంది? చెయ్యండి. కొలత మాత్రం నా పద్ధతిలో. పొద్దుటి కొలతను పొద్దుటి కొలతతోనే సరిచూద్దాం.”

పొట్టతోపాటు మెడ, దండచెయ్యి, తొడ కూడా కొలిచి రాసిపెట్టుకుంది. ఎందుకని ఆయన అడిగితే, “ఉండనివ్వండి, చూద్దాం” అంది.

వారం తిరిగేసరికి పడుకుని లేవడాలతో ఆయన నడుము పట్టేసింది. రోజంతా సీట్లో కూర్చునే మనిషి, ఇంటికి వచ్చి గోడ పట్టుకుని నడిచాడు. దాంతో ఆమే వాటిని మాన్పించింది. పటకా బిగించి బండి నడుపుతుంటే ఊపిరాడటం లేదని దాన్ని ఆయనే విప్పేశాడు. మిగిలినవి నడక, ఏడింటి తాళం, ఆ నిమ్మరసం నీళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సందు చివరి బేకరీ ఆవిడ గౌను నడుము దగ్గర లోపలికి తీయించుకోవడానికి వచ్చింది. నెల నుంచి ఆవిడదీ అదే ప్లాను. కాకపోతే పడుకుని లేవడాలూ పటకా తప్ప ఇంకేవీ చెయ్యలేదట. టైలరమ్మ పాత కొలత తీసి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

“పొట్ట గట్టిపడినట్టుందమ్మా, తగ్గడం మాత్రం తగ్గలేదు. కేకులు మానలేదా?”

“అమ్మేదాన్ని, రుచి చూడకపోతే ఎలా?” అంది ఆవిడ నిజాయితీగా.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్న భర్త ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. “వదలండి, మామూలుగా నిలబడండి” అని ఆమె కొలిచింది. నలభై మీద పావు. అంటే ఆమె పద్ధతిలో తగ్గింది అంగుళంపావు. ప్లాను పద్ధతిలో అయితే రెండు ముప్పావు. తర్వాత మెడ కొలిచింది, అర అంగుళం తక్కువ. దండచెయ్యి, తొడ కూడా తగ్గాయి. 

“పొట్ట ప్లాను కదా ఇది? మరి మెడకెవరు చెప్పారండీ తగ్గమని?”

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, క్యాంటీన్లో తినేసి, కండక్టరు రెండు ప్యాంట్లు పట్టుకుని వచ్చాడు. “వదినా, నాలుగంగుళాలు లోపలికి కుట్టెయ్యి. అదనపు గుడ్డ కత్తిరించి పారెయ్యి.”

“ముందు కొలవనీ బాబూ. మొదటి రోజు ఎంత?”

“నలభై. తిన్నాకే కొలిచాను, ప్లాను ప్రకారం.”

“ఇప్పుడూ తినే వచ్చావుగా, మంచిదే.”

టేపు ముప్పై తొమ్మిది చూపించింది. కండక్టరు వంగి చూశాడు, టేపు లాగి చూశాడు, చివరికి కుర్చీలో కూలబడ్డాడు. అతని మొహం చూసి ఆమె మనసు చివుక్కుమంది.

“అయితే ఇన్నాళ్లూ దండగేనా వదినా?”

“దండగని ఎవరన్నారు? ఒక అంగుళం నిజంగా పోయింది. మీ అన్నకీ పోయింది. ఆయన పటకా విప్పేశాడు, లేవడాలు మానేశాడు, అయినా పోయింది. ఆ రెండే చేసిన బేకరీ ఆవిడకి ఇసుమంత కూడా పోలేదు. కాబట్టి నాకు తెలిసినంతలో పనిచేసింది నడకా, రాత్రి తినకపోవడమూను. తగ్గితే ఒళ్లంతా తగ్గుతుంది, పొట్ట ఒక్కటే విడిగా తగ్గిన మనిషిని నేనింతవరకు కొలవలేదు. ముగ్గుర్ని చూసి చెప్తున్నాను, డాక్టర్ని కాదు.”

“మరి నిమ్మరసం?”

“దాని సంగతి తెలియదయ్యా. దాహం మాత్రం తీరుతుంది.”

కండక్టరు నవ్వేశాడు. ఆమె అతని ప్యాంట్లు అంగుళమే లోపలికి తీసి, గుడ్డ కత్తిరించకుండా మడిచి కుట్టింది. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ డ్యూటీ దిగాక డిపో నుంచి కలిసి నడిచి రావడం మొదలుపెట్టారు. ముసురు పట్టిన పది రోజులు మానేస్తే భర్తకు పావు అంగుళం వెనక్కి వచ్చింది. ఆ సంగతీ ఆమె రాసిపెట్టుకుంది.

ఒక ఆదివారం బల్ల సర్దుతుంటే ఆమెకు ఉన్నట్టుండి ఒక సందేహం వచ్చింది. తన నడుమెంతో తనకే తెలియదు. తన బట్టలు ఎప్పుడూ కంటి అంచనాతోనే కుట్టుకుంది. భర్తను పిలిచి టేపు ఇచ్చింది. ఆయన భయభక్తులతో చుట్టి, వంగి చూసి కెవ్వుమన్నాడు.

“తొంభై నాలుగు!”

“అవి సెంటీమీటర్లండీ. టేపు తిప్పి చూడండి.”

“ముప్పై ఏడు,” అన్నాడాయన, ఊపిరి పీల్చుకుని. “రేపట్నుంచి మాతో నడుస్తావా?”

“ముందు రేపు పొద్దున్న మళ్లీ కొలవండి. ఇప్పుడే భోంచేశాను,” అంది ఆమె, చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ.