భూమి పండుగ నాటి కుండలు

మే చివర మా ప్లటూన్ దుమ్ముగూడెం దాటి, అడవి అంచున ఉన్న క్యాంపులో దిగింది. రేకుల షెడ్డు, చుట్టూ ఇసుక బస్తాలు. గాలి లేదు. మాది ముదిగొండ, ఎండ నాకు కొత్త కాదు. ఆ ఎండ కొత్తే.

ఆ వారమే గస్తీ. తెల్లవారి ఐదింటికి బయలుదేరాం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. నింపుకుందామనుకున్న వాగు ఎండిపోయి ఉంది. తిరుగుదారిలో వైర్‌లెస్ ఆపరేటర్ కూలబడ్డాడు. చెమట ఆగింది, ఒళ్లు కాలుతోంది, మాట తేడాగా వస్తోంది. వడదెబ్బ. మా దగ్గర చుక్క నీరు లేదు. కమాండర్ సెట్ అందుకున్నాడు.

“బండి ఇసుకలో దిగబడింది. రోడ్డు దాకా మోసుకురండి” అని క్యాంపు నుంచి జవాబు.

దగ్గర్లోని కోయ ఊరి మొదట్లో దారికడ్డంగా వెదురు బొంగు పట్టుకుని ఆడవాళ్లు, పక్కన నీళ్ల కుండలు. ఆ రోజు భూమి పండుగ. విత్తనం వేసేముందు మగవాళ్లు వేటకు పోతారు. ఉత్తచేతులతో వచ్చినవాణ్ణి ఆడవాళ్లు తడిపి, ఎగతాళి చేసి గానీ ఊళ్లోకి రానివ్వరు.

ఒక పెద్దామె మమ్మల్ని చూసి నవ్వింది. “ఏంది సారూ, ఇన్ని తుపాకులు పట్టుకపోయి కుందేలు గూడ కొట్టలేదా?”

కమాండర్ మా భుజాల మీది మనిషిని చూపించాడు. ఆమె నవ్వు ఆగింది. వెనక్కి తిరిగి కోయలో ఏదో కేకేసింది. చింతచెట్టు నీడన పడుకోబెట్టి చొక్కా విప్పాం. వాళ్లు కుండ తర్వాత కుండ పోశారు. దూరపు చెలమ నుంచి పొద్దుటి నుంచీ మోసిన నీళ్లవి. ఆఖరి కుండకు వాడు కళ్లు తెరిచాడు.

“వానొచ్చిందా?”

దారికడ్డం పెట్టిన బొంగుకే దుప్పటి కట్టి డోలీ చేశారు. అంతలో వాళ్ల మగవాళ్లు వేట నుంచి వచ్చారు, ఉత్తచేతులతోనే.

“ఈ ఏడు బతికిపోయిండ్రు. కుండలు ఖాళీ. డోలీ పట్టుండ్రి” అంది పెద్దామె వాళ్లతో.

పట్టారు. రోడ్డు దాకా మాతోపాటు మోశారు. భద్రాచలం ఆసుపత్రిలో వాడు కోలుకున్నాడు.

డ్యూటీ ముగించి ఇంటికొస్తే, రాముడే కాపాడాడన్నారు మావాళ్లు. ఆ నీళ్లు మోసిన మెడలకు ఆ మాట అన్యాయం. నేను ఏ దేవుడికీ మొక్కను. అయినా ఆ పండుగను మూఢనమ్మకమని కొట్టిపారేసే నా హేతువాద మిత్రులతోనూ పోట్లాడతాను. నమ్మకాన్ని ప్రశ్నించండి, ముందు ఆ మనుషులకు దండం పెట్టండి.

అక్కడ ఏం చూడాలని సెలవులకు వెళ్లేవాళ్లు అడుగుతారు. తెల్లదొరల నాటి ఆనకట్ట ఉంది, దొరసానులు నేర్పిన లేసు అల్లిక ఉంది, వెదురు బుట్టలున్నాయి, గోదావరి ఉంది. తప్పక చూడండి. నా కళ్ల ముందు మాత్రం ఎప్పుడూ ఒకటే: ఎండి పగిలిన ఊళ్లో, చింతచెట్టు కింద, మనిషి పడుకున్నంత మేర తడి నేల.