బస్తాలో ఉన్నంతసేపే సిమెంటు మనది

కాదు, సత్యవతి పిన్ని పిసినారి కాదు. ఈ మాట ఇదివరకే చెప్పాను. ఇవాళ టెలిఫోన్ ఎక్స్ఛేంజి కిటికీలోంచి తడి సిమెంటు వాసన రాగానే పక్క సీటు రమణమ్మ ఆవిడ పిసినారితనం మళ్ళీ ఎత్తింది. చేతిలో ఫోను, లైనులో ఎవరో బెంగాలీ దాదా అరుస్తున్నాడు. అయినా ముందు ఆమెకు జవాబు చెప్పి, తర్వాతే అతని కాల్ కలిపాను.

పిన్ని ఈ ఊళ్ళోనే పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటావిడ. భర్త పోయాక రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. మా వరసలో అందరూ సొంత డబ్బుతో వెనక వరండా కట్టుకున్నారు. పిన్ని మాత్రం గోడకు మేకు కూడా కొట్టలేదు. వానాకాలం వెనక వాకిట్లో పొయ్యి మీద జల్లు పడుతుంటే ఒక చేత్తో గొడుగు పట్టుకుని వండేది. విశాఖపట్నంలో అమ్మమ్మ దగ్గర పెరిగి వచ్చిన నాకు అది చూస్తే ఒళ్ళు మండేది.

నాన్న రిటైర్మెంటు దగ్గర పడింది. తాల్‌బగీచాలో ఇంటి జాగా కోసం దాచిన డబ్బుతో ఒకరోజు సిమెంటు బస్తాలు దింపించాడు.

"ఏటి బావా, ఈ బస్తాలు?" అంది పిన్ని.

"వరండా ఏయిస్తన్నాను. పెద్దోడికి రైల్వేలో ఉద్యోగమొస్తే కోటరు మనకే ఉంటాది."

"రాకపోతేనో?"

నాన్న బస్తాలు లెక్కపెట్టుకుంటున్నాడు. నేను ఊరుకోలేదు. "గొడుగు కింద వండుకునేదానివి, మాకు చెప్పొచ్చావా? ఒక రేకైనా వేయించుకోవచ్చుగా?"

"గొడుగు నాతో వస్తాది అమ్మీ. రేకు రాదు." అక్కడే బస్తా మీద కూర్చుంది. "ఆస్తంటే నీ చేతిలో ఉండి, రేపు నీకు అక్కరకొచ్చేది. కోటరు ఆస్తే, కానీ రైల్వేకి. జాగా కొంటే స్థిరాస్తి, కదలదు. ఈ బస్తాలు రేపే డబ్బవుతాయి, మా ఆఫీసులో కరెంట్ ఎసెట్టంటాం. నా కుట్టుమిషనూ ఆస్తే, ఏటికేడు అరుగుతాది, ఆ అరుగుదలా రాస్తాం. బస్తాలో ఉన్నంతసేపే సిమెంటు నీది. గోడకెక్కితే వాళ్ళది."

నాన్న కొన్నాళ్ళు ఆ బస్తాలు విప్పలేదు. తర్వాత బస్తాలు ఎదురింటాయనకు అమ్మేసి, జాగాకు బయానా ఇచ్చాడు. చూపు ఆనలేదని అన్నయ్యను రైల్వే మెడికల్‌లో వెనక్కి పంపారు. నాన్న రిటైరై క్వార్టర్ తాళాలు తిరిగిచ్చిన రోజు మాకు వెళ్ళడానికి ఆ జాగాలో వేసుకున్న ఇల్లుంది.

ఎదురింటాయన ఆ సిమెంటుతో వరండా కట్టాడు. వాళ్ళ పిల్లలు ఆ నీడలో ఆడుకున్న మాట నిజమే. రిటైరయ్యాక దాన్ని కొత్తగా వచ్చినవాళ్ళకు వదిలేసి అద్దె కొంపకు వెళ్ళాడు. నేనిప్పటికీ ఏది కొన్నా, ఇది నాతో వస్తుందా అని చూస్తాను.

గొడుగు పట్టుకుని వండిన మనిషి పిసినారి అయితే, సొంత సిమెంటు పరాయి గోడకెక్కించి వచ్చినాయనను ఏమనాలో మీరే చెప్పండి.